సొంత డబ్బా

బుధవారం సాయంత్రాలు, ఆరున్నరకి,
బల్లరాట్ లైబ్రరీ వెనక గదిలో
మాకు సొంత డబ్బా కొట్టుకోవడం నేర్పుతారు.
ఫీజు లేదు. టీ తాగిన కప్పు మాత్రం
ఎవరిది వాళ్లే కడుక్కోవాలి.

ఆరుగురం.
గోళ్లకి రంగులేసే వియత్నాం పిల్ల హాన్,
లారీ కంపెనీ మూతపడ్డాక మీసం కూడా తీసేసిన డెస్మండ్,
పేరడిగితే కిటికీ వైపు చూసే ఒక కుర్రాడు,
ఇంకో ఇద్దరు,
నేను. నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో
తొమ్మిదేళ్లుగా సీసాలకి మూతలు బిగిస్తున్నదాన్ని.

పాఠం చెప్పే మోయిరాకి డెబ్బై దగ్గర. ఎర్ర కళ్లజోడు.
"ప్రొఫైల్ ఫొటోలో గోడకి ఆనుకోకండి," అంటుంది.
"గోడ నిలబడగలదని అందరికీ తెలుసు."

నా దగ్గరున్న ఫొటోలన్నిట్లో
ఎవరిదో భుజం వెనక సగం నేను.
కత్తిరిస్తే
నా మెడ మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోతోంది.

రెండోవారం, మీరు చేసిన పని ఒక్క ముక్కలో రాయమంది.
రాశాను: లేబుళ్ల రంగులు మారాయి. తప్పులు తగ్గాయి.
మోయిరా కాగితం వెనక్కి తిప్పి చూసింది,
అక్కడ మనిషెవరైనా ఉన్నారేమోనని.
"ఎవరు మార్చారు?"

ఏం చెప్పను.
నా భాషలో నేను అనకుండానే రోజు గడిచిపోతుంది.
వండాను, కడిగాను, వెళ్లొస్తాను,
క్రియ చివర ఓ చిన్న 'ను'లో
మోకాళ్లు ముడుచుకు కూర్చుంటే చాలు.
అదీ ఎక్కువనిపించిన రోజున
అయిపోయింది, జరిగింది, కుదిరింది.
ఇంగ్లీషు నేను అలా కాదు,
వాక్యం మధ్యలో పాతిన గుంజలా నిలువుగా ఉంటుంది,
పట్టుకోవడానికో, కట్టేయడానికో తెలీదు.

మూడోవారం వాన. ముగ్గురమే వచ్చాం.
కాదనడం ప్రాక్టీసు. డెస్మండ్ నా సూపర్‌వైజరు.
"శనివారం రాగలవా?"
"చూస్తానండీ."
"మళ్లీ," అంది మోయిరా.
"ఈ వారం కొంచెం, పిల్లాడికి, అంటే..."
"మళ్లీ."
"రాలేను."
హీటర్ చప్పుడొక్కటే వినిపించింది.
ఇరవయ్యేళ్లు లారీ తోలాను,
ఒక్క శనివారమూ ఈ మాట అనలేదు అని
డెస్మండ్ కప్పు కడగడానికి వెళ్లి
చాలాసేపు కడిగాడు.

మర్నాడు ఫోన్‌లో గ్రేమ్ పెట్టిన పోస్టు.
నా సీసాలు వరసగా, ఆకుపచ్చ, నారింజ, నీలం.
వాటి ముందు చేతులు కట్టుకుని ఆయన.
'మా టీమ్‌కి తట్టిన చిన్న ఆలోచన.'
నూట పన్నెండు లైకులు.
అందులో ఒకటి నాది.
బొటనవేలు అలవాటుకొద్దీ నొక్కేసింది.

రాత్రి గిన్నెలు తోమాక కూర్చున్నాను.
'చాలా సంతోషం గ్రేమ్, ఏదో నా వంతు చిన్న...' చెరిపాను.
'నిజం చెప్పాలంటే...' అలా మొదలెట్టేవాళ్లని నేనే నమ్మను. చెరిపాను.
కోపంగా ఒకటి రాశాను. అది చాలా బావుంది.
అందుకే చెరిపాను.
నవ్వు బొమ్మ పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టబోతూ
ఆ వేలిని రెండో చేత్తో పట్టుకున్నాను.

మిగిలింది ఇది:
'ఈ రంగుల పద్ధతి నేను తయారుచేశాను, మార్చిలో.
ఎలా పనిచేస్తుందో ఎవరైనా అడిగితే చెప్తాను.'

నొక్కేసి,
తడిసిన ఫోన్‌ని దాచినట్టు
బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను.
లోపల అది రెండుసార్లు మోగింది.
డబ్బా మోగడం అంటే ఇదేనేమో అనుకుని
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

పొద్దున గ్రేమ్ గుడ్ మార్నింగ్ కాస్త పొడిగా ఉంది.
పోస్టులో మాత్రం నా పేరు చేర్చాడు,
వకుళలో ఒక అక్షరం మింగేసి.

సరిచెయ్యమని అడగాలి.
అడుగుతాను.
నేను అడుగుతాను.
ముందు ఈ సీసాకి మూత బిగించనీ.